బందీ నోరు ఎవరిది?

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం, తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీది గదిలో నేనొక తప్పు చేశాను. పాత్రలు పట్టుకుని మాటలతో కథ నడిపే ఆట ఆడుతూ చేసిన తప్పే. అయినా మూడు వారాల పాటు మనసు కుదుటపడలేదు.

బల్ల చుట్టూ ఐదుగురం కూర్చున్నాం. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాణ్ణి. చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చే అమ్మాయి, కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు, మందుల షాపు నడుపుకునే మిత్రుడు, వెటర్నరీ కాలేజీ కుర్రాడు ఆటగాళ్ళు. ఆ అమ్మాయి ఆడే పాత్ర పేరు చంద్రి. వేలూరు కోటలోని వాళ్ళకు బట్టలు ఉతికే రజక స్త్రీ. ఎనిమిది నెలలుగా నడుస్తున్న కథలో ఆ రోజు చంద్రి శత్రువులకు దొరికిపోయింది. కోట తలారి ఆమెను ఒక కొట్టులో కూర్చోబెట్టి అడుగుతున్నాడు. "పిల్లోణ్ణి యాడికి పంపించినారు?"

చంద్రి చెప్పనంది. తలారి గద్దించాడు. మళ్ళీ చెప్పనంది. రూలు ప్రకారం తేల్చేద్దామని నేను 20 ముఖాల పాచిక వేశాను. 17 పడింది. ఆమెను వేయమన్నాను. 4 పడింది. "అయిపోయింది. నీ ధైర్యం చాల్లేదు. పిల్లవాడు చంద్రగిరి దారిలో ఉన్నాడని చెప్పేశావు," అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు పాచిక వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చాలా మెల్లగా అంది. "నేను చెప్పలేదన్నా. నువ్వు చెప్పినావు."

చంద్రి వివరాలు రాసుకున్న క్యారెక్టర్ షీటు మడిచి బ్యాగులో పెట్టుకుంది. బస్సుకు టైమయిందని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

ఆ ఒక్క మాట నాలో చాలా దూరం వెళ్ళింది. అప్పటినుంచి ఆలోచిస్తూ, చదువుతూ, మిగతా వాళ్ళతో వాదిస్తూ చివరికి ఒక నమ్మకానికి వచ్చాను. పాచికలు పాత్ర కత్తిని లాక్కోవచ్చు, గుర్రాన్ని లాక్కోవచ్చు, ప్రాణం కూడా తీయొచ్చు. నోరు మాత్రం ఆటగాడిది. బందీ చెప్పాలా వద్దా అన్నది ఆడే మనిషే తేల్చుకోవాలి. చెప్పకపోతే ఏమవుతుంది, చెబితే ఏమవుతుంది అన్న ధర పెట్టడం వరకే గేమ్ మాస్టర్ పని. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు, ఈ ఆట ఎలా నిలబడుతుందన్న సంగతి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ ఆట తెలియని వాళ్ళకు నాలుగు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాటలతో కథ నడిపే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది జనంలోకి వచ్చింది. ఆటగాళ్ళలో ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను పట్టుకుంటారు. ఊళ్ళు, అడవులు, రాజులు, దొంగలు, వానలు, మిగతా లోకమంతా గేమ్ మాస్టర్ చేతిలో ఉంటుంది. ఫలితం తెలియని పనికి పాచికలు వేస్తారు. అంతే.

ఇందులో అసలు సంగతి ఆ లెక్కలోనే ఉంది. నా చేతిలో లోకమంతా ఉంది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఒక్క చంద్రి. చంద్రి ఏం చేస్తుంది, ఏం మాట్లాడుతుంది అన్నదొక్కటే ఆమెది. నేను ఆ ఒక్కటీ తీసేసుకుంటే ఆమె ఇక అక్కడ ఎందుకు కూర్చోవాలి?

మా కథ గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆమెకు ఎందుకంత నొప్పి కలిగిందో అర్థం కాదు. మేం మంత్రగాళ్ళు, డ్రాగన్ల కథ ఆడటం లేదు. మాది 1614వ సంవత్సరం. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, వేలూరుకు వచ్చిన కాలం. 1614లో వేంకటపతి రాయలు పోయాడు. తన అన్న కొడుకు శ్రీరంగణ్ణి వారసుడిగా పెట్టి పోతే, గొబ్బూరి జగ్గరాయడు ఎదురు తిరిగి శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా బంధించాడు. రాజు పక్షాన నిలబడినవాడు వెలుగోటి యాచమ నాయుడు. ఆయన ఆ పిల్లల్లో ఒకణ్ణి, రామదేవుణ్ణి, బట్టలు ఉతికే రజకుడి చేత కోట దాటించాడు. ఇది ఆ కాలంలోనే బర్రాదాస్ అనే జెసూట్ పాదిరి ఉత్తరంలో రాసిన సంగతి. మిగిలిన కుటుంబాన్ని తర్వాత జగ్గరాయడు చంపించాడు. తోపూరు యుద్ధంలో జగ్గరాయడు పోయాక, కోట దాటిన ఆ పిల్లవాడే రాజయ్యాడు.

చంద్రగిరి మాకు పొరుగూరు. రాజమహల్ చూడ్డానికి స్కూలు పిల్లలుగా అందరం వెళ్ళినవాళ్ళమే. అందుకే ఈ కథ ఎంచుకున్నాం. మొదటి రోజు పాత్రలు తయారు చేసుకుంటున్నప్పుడు ఆ అమ్మాయి అంది, "అన్నా, యాచమ నాయుడి పేరు అందరికీ తెలుసు. ఆ మూట మోసిన మనిషి పేరు ఎవరికీ తెలీదు. నేను ఆ ఇంటి మనిషినవుతా." అలా చంద్రి పుట్టింది. ఆమె ఎక్కడినుంచో వెతికి రేవు సంగతులన్నీ తెచ్చేది. చౌడుమట్టి ఎలా వాడేవాళ్ళు, బానలో బట్టలు ఎంతసేపు ఉడకబెట్టేవాళ్ళు, ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి జీడిగింజ రసంతో గుర్తు ఎలా పెట్టేవాళ్ళు. పిల్లవాణ్ణి మూటలో పెట్టి కోట గుమ్మం దాటించిన రోజు మా గదిలో ఊపిరి వినిపించలేదు.

చరిత్రలో ఆ మూట మోసిన మనిషి రాజ్యాన్ని నిలబెట్టాడు. నా పాచిక ఆ ఇంటి మనిషిని నమ్మకద్రోహిని చేసింది. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోవడంలో వింతేముంది?

ఇక్కడ మా మందుల షాపు మిత్రుడు గట్టిగా అడ్డుపడ్డాడు. అతని వాదన తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. "కత్తి తగులుతుందా లేదా అని పాచిక వేస్తున్నాం. గోడ ఎక్కగలడా లేదా అని వేస్తున్నాం. బెదిరింపుకు లొంగుతాడా లేదా అన్నదానికి ఎందుకు వెయ్యకూడదు? ఆటగాడు కుర్చీలో కాఫీ తాగుతూ కూర్చుంటాడు. వాడికి భయమేముంది? ఎప్పుడూ చెప్పననే అంటాడు. నిజంగా కొట్లో ఉన్న మనిషి అట్లా ఉండగలడా?"

నిజమే. కుర్చీలో ధైర్యం తేలిక. కానీ దానికి మందు పాచిక కాదని నేనంటాను. కత్తి దెబ్బ తగిలితే చంద్రి చెయ్యి తెగుతుంది, తర్వాత ఏం చెయ్యాలో ఇంకా ఆ అమ్మాయే చెబుతుంది. గోడ మీంచి జారిపడినా అంతే. లోకం వచ్చి పాత్రను తాకింది, పాత్ర జవాబిస్తుంది. బెదిరింపుకు పాచిక వేసి "చెప్పేశావు" అన్నప్పుడు లోకం తాకడమూ నాదే, జవాబూ నాదే అయిపోతుంది. ఆటగాడు ప్రేక్షకుడవుతాడు. భయం పాచికతో వేయదగ్గదే. చంద్రి చేతులు వణుకుతున్నాయి, నాలుక ఎండిపోయింది, అబద్ధమాడితే మొహంలో తెలిసిపోయేలా ఉంది అని పాచిక చెప్పనీ. వణుకుతూ కూడా చెప్పకుండా ఉండే హక్కు ఆమెకు ఉండాలి.

కుర్చీలో కూర్చున్నవాడికి భయం ఎలా తెప్పించాలి అన్నది నిజమైన ప్రశ్న. దానికి ఆటల రూల్సులోనే మంచి దారులున్నాయి. ఫేట్ అనే ఆటలో గేమ్ మాస్టర్ పాత్ర బలహీనత చూపించి "ఇక్కడ లొంగిపో, ఇదిగో ఒక పాయింటు" అని ఇస్తాడు. వద్దంటే ఆటగాడే తన దగ్గరున్న పాయింటు ఒకటి కట్టి తప్పించుకోవాలి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో ఒక ఆటగాడి పాత్రను ఒప్పించాలంటే ఒప్పుకుంటే లాభం, కాదంటే చిక్కు అని ముందుంచుతారు. రెండింటిలోనూ నిర్ణయం ఆటగాడిదే, ఊరికే రాదు అంతే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో జోన్ ఆఫ్ ట్రూత్ అనే మంత్రం కూడా ఇలాంటిదే. 15 అడుగుల వలయం, 10 నిమిషాలు. దానికి లోబడినవాడు తెలిసి అబద్ధం చెప్పలేడు. కానీ మాట్లాడకుండా ఉండొచ్చు, చుట్టూ తిప్పి చెప్పొచ్చు. మంత్రం అబద్ధాన్ని తీసేసింది, మౌనాన్ని వదిలేసింది. దాన్ని రాసినవాళ్ళు చాలా బాగా ఆలోచించారు అనిపిస్తుంది నాకు.

మనసునే లొంగదీసే మంత్రాలు కూడా ఆ ఆటలో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిని నేను ఆటగాళ్ళ మీద వాడను. వాడాల్సిందే అనుకునేవాళ్ళు మొదటి రోజే బల్ల మీద ఆ మాట చెప్పి, అందరూ సరేనన్నాక వాడాలి.

మా లాయరు మాత్రం ఈ విషయాన్ని ఆట నుంచి కాక తన వృత్తి నుంచి చూశాడు. ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ అడిగాడు, "అన్నా, నీ తలారి కొట్టి చెప్పించిన మాటకు మా కోర్టులో విలువెంతో తెలుసునా?" 1872 నాటి సాక్ష్యాల చట్టంలోనే, 25వ సెక్షన్‌లో, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 23వ సెక్షన్‌గా వచ్చింది. రాజ్యాంగం 20(3) అధికరణం నిందితుణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్ లాంటివి మనిషి ఒప్పుకోకుండా చెయ్యకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"ఎందుకో తెలుసా? నొప్పిలో మనిషి నిజం చెప్పడు. నొప్పి ఆగే మాట చెబుతాడు," అన్నాడు. "ఒక్కటి మాత్రం పనికొస్తుంది. వాడు చెప్పిన మాట పట్టుకుని పోతే ఏదన్నా వస్తువు దొరికిందనుకో, ఆ మేరకు ఆ మాట నిలబడుతుంది." అది కూడా చట్టంలో ఉన్నదే. పాత చట్టంలో 27వ సెక్షన్.

గేమ్ మాస్టర్‌గా నాకు ఇది గొప్ప పాఠం. తలారికి మాట ముఖ్యం కాదు, సరిచూసుకోగల మాట ముఖ్యం. చంద్రి "చంద్రగిరి దారి" అన్నంత మాత్రాన నేను కథలో అందరినీ చంద్రగిరి మీదికి తోలేశాను. తెలివైన తలారి ఎవడూ అలా చెయ్యడు. మనిషిని పంపి చూసుకుంటాడు. ఆ చూసుకునే లోపల గడిచే సమయమే బందీకి, బందీ స్నేహితులకు దొరికే ఆట. పాచిక వేసి ఒక్క క్షణంలో నేను దాన్నంతా పారేశాను.

కొట్టడం గురించి ఒక మాట. ఆ రోజు నేను ఇంకో తప్పు కూడా చేశాను, అది చంద్రి దగ్గర చేసినదానికన్నా పెద్దది. తలారి గద్దింపు బాగా రావాలని రెండు నిమిషాలు లాఠీ గురించి, చేతివేళ్ళ గురించి వర్ణించాను. వెటర్నరీ కుర్రాడు లేచి బయటికి వెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ఫోనొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. వాళ్ళ చిన్నాన్నను ఏదో దొంగతనం అనుమానం మీద స్టేషనుకు తీసుకుపోయి రెండు రోజులు ఉంచారట. ఈ కుర్రాడు పదో తరగతిలో ఉన్నప్పుడు. చిన్నాన్న తిరిగొచ్చాక ఎడమ చేత్తో అన్నం తినేవాడట, కొన్నాళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ కుర్రాడు నా మొహం చూడలేదు.

మన ఊళ్ళలో ఇలాంటి మాట వినని ఇల్లు తక్కువ. శేషాచలం అడవుల అంచున ఉన్న పల్లెల్లో ఎర్రచందనం కేసుల పేరు చెబితేనే జనం మాట మార్చేస్తారు. విచారణ అనేది మనకు దూరపు దేశపు కథ కాదు. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో గేమ్ మాస్టర్‌కు తెలియదు. తెలియదు కాబట్టే ముందే అడగాలి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత చెప్పిన గీతలు, తెరలు అనే పద్ధతి ఉంది. కథలో అసలు రాకూడనివి గీత అవతల. జరిగినా వర్ణించకుండా తెర దించేసేవి తెర వెనుక. జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన ఎక్స్ కార్డు ఇంకా సులువు. బల్ల మధ్యలో ఇంటూ గుర్తున్న కార్డు ఒకటి. ఎవరైనా ముట్టుకుంటే ఆ ముక్క అక్కడే ఆగిపోతుంది, ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పుడు మా బల్ల మీద పెళ్ళి కార్డు వెనక స్కెచ్‌పెన్‌తో గీసిన ఇంటూ ఉంటుంది. చిత్రహింస మా ఆటలో గీతకు అవతల ఉంది. అది లేకపోవడం వల్ల మా విచారణ సీన్లలో టెన్షన్ పెరిగిందే కానీ తగ్గలేదు.

ఎలా పెరిగింది? దానికి సమాధానం మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథలోనే ఉంది.

హనుమంతుడు రావణ సభలో నిలబడిన ఘట్టం తలుచుకోండి. అంజనాద్రి ఆయన పుట్టిన చోటని 2021లో టీటీడీ ప్రకటించినప్పటి నుంచి మా ఊళ్ళో ఆ కథ వినని రోజు లేదు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేసి కట్టాడు. రాక్షసులు ఉత్సాహం కొద్దీ పైనుంచి తాళ్ళు కూడా బిగించారు. వేరే కట్టు పడగానే బ్రహ్మాస్త్రం తనంతట తాను విడిపోయింది. హనుమంతుడు అప్పుడే తెంచుకుని పోవచ్చు. పోలేదు. రావణుణ్ణి చూడాలి, మాట్లాడాలి. అందుకని కట్లతోనే సభలోకి వెళ్ళాడు. రావణుడి మాట మీద ప్రహస్తుడు అడిగాడు. నిన్ను ఇంద్రుడు పంపాడా, కుబేరుడు పంపాడా, యముడా, వరుణుడా, విష్ణువా? నిజం చెబితే వదిలేస్తాం, అబద్ధమాడితే ప్రాణం పోతుంది.

ఆ ప్రశ్నలు మరోసారి చూడండి. వాటిలో రాముడి పేరు లేదు. లంక ఎవరెవరికి భయపడుతోందో ఆ ఐదు పేర్లే చెబుతున్నాయి. అసలు ముప్పు ఎటునుంచి వస్తోందో వాళ్ళకింకా తెలియదని కూడా చెబుతున్నాయి. అడిగేవాడు అడుగుతూనే తన చేతిలో ఏముందో, ఏం లేదో బయటపెట్టుకుంటాడు. బందీ ఒక్క మాట చెప్పకుండానే సగం సంగతులు తెలుసుకోవచ్చు. కట్టేసి ఉన్నా ఆటగాడి చేతిలో పని ఉందన్నమాట: వినడం.

అందుకని ఇప్పుడు నేను విచారణ సీను ముందు చేసే తయారీ అంతా అడిగేవాడి గురించే. వాడికి ఇప్పటికే ఏం తెలుసు? ఏం తెలియదు? ఎంత తొందరలో ఉన్నాడు? వాడి మీద ఎవరు ఒత్తిడి పెడుతున్నారు? ఏది ఇవ్వగలడు? ఒక కాగితం మీద ఐదారు ముక్కలు రాసుకుంటాను. అడిగేవాడికి తనదంటూ ఒక అవసరం లేకపోతే వాడు అరిచే గొంతు తప్ప మనిషి కాలేడు. ఆ ఆదివారం నా తలారి అంతే, గొంతు మాత్రమే.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వాయుసేనకు పనిచేసిన హన్స్ షార్ఫ్ అనే విచారణాధికారి గురించి అప్పుడే చదివాను. పట్టుబడిన అమెరికన్ యుద్ధవిమాన పైలట్లను ఓబరుర్సెల్ శిబిరంలో అడిగేవాడు. చెయ్యి ఎత్తేవాడు కాదు. వాళ్ళతో అడవిలో నడిచేవాడు, కబుర్లు చెప్పేవాడు. నాకు అన్నీ తెలుసు, నువ్వు కొత్తగా చెప్పేదేమీ లేదు అన్నట్టు ఉండేవాడు. తనకు తెలిసిన వివరాలు తనే చెబుతూ మధ్యలో ఒకటి తప్పుగా అనేవాడు. పైలట్ "అది కాదు" అని దిద్దితే చాలు, కావలసింది దొరికేది. దిద్దినవాడికి తానేమీ చెప్పలేదనే అనిపించేది. యుద్ధం తర్వాత ఆయన అమెరికా వెళ్ళి మొజాయిక్ కళాకారుడయ్యాడు. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని సిండ్రెల్లా కోటలో ఉన్న మొజాయిక్ బొమ్మలు ఆయన చేతివే.

ఈ పద్ధతి ఆట బల్ల మీద ఎంత బాగా పనిచేస్తుందో చెప్పలేను. ఎందుకంటే ఇక్కడ కుర్చీలో కూర్చున్న ఆటగాడికే నిజంగా వల వేస్తున్నాం. పాత్ర భయపడిందని పాచిక చెప్పాల్సిన పనిలేదు. ఆటగాడే నోరు జారుతాడేమోనని తనను తాను పట్టుకుని కూర్చుంటాడు. మా మిత్రుడు అడిగిన "కాఫీ తాగేవాడికి భయమేముంది" అన్న ప్రశ్నకు ఇదే నా జవాబు. జారితే జారినది అతనే, కాబట్టి అన్యాయం జరిగిందని అనిపించదు.

మిగతా ఆటగాళ్ళ సంగతి త్వరగా చెబుతాను. ఆ ఆదివారం ముగ్గురూ దాదాపు ముప్పావు గంట ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకరు బందీ అయితే మిగతావాళ్ళకు తలారి భటుడి పాత్రో, లెక్కలు రాసే కరణం పాత్రో ఇవ్వండి. వాళ్ళకు కూడా ఒక్కో రహస్యం రాసిన చీటీ ఇవ్వండి. సీను పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. ఇద్దరు దొరికితే ఇద్దరినీ విడదీయండి, ఒకరిని మిద్దె మీద, ఒకరిని కింద వంటింట్లో. 1950లో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో ఫ్లడ్, డ్రెషర్ అనే గణితవేత్తలు తయారు చేసిన లెక్కకు ఆల్బర్ట్ టకర్ అనే ఇంకో గణితవేత్త ఇద్దరు ఖైదీల కథ తొడిగాడు. ఒకడు చెబితే చెప్పినవాడు బయటికి, ఇద్దరూ చెబితే ఇద్దరూ లోపలికి, ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ కొంచెమే శిక్ష. మా ఇంట్లో ఒకసారి ఇది ఆడితే కింద వంటింట్లో ఉన్న కుర్రాడికి మా అమ్మ దోసెలు వేసి పెడుతూ, "చెప్పకు నాయనా, ఆ అన్న పైన నిన్ను నమ్ముకున్నాడు," అంది. అతను చీటీ మీద ఏం రాశాడో ఇప్పటికీ మాకు కథలా చెప్పుకునే సంగతి.

మూడు ఆదివారాల తర్వాత నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పాను. ఆ సీను జరగలేదనుకుని, తలారి తలుపు తీసిన చోటినుంచి మళ్ళీ ఆడదామన్నాను. జరిగిపోయిన సీను వెనక్కి తీసుకోకూడదని కొందరు గట్టిగా నమ్ముతారు. గేమ్ మాస్టర్ తప్పును ఆటగాడు ఎనిమిది నెలలు మొయ్యాల్సిన పనిలేదని నేను నమ్ముతాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి పాచిక నీ చేతిలో ఉండకూడదన్నా," అంది. సరేనన్నాను.

ఆ ఆదివారం వాన పడుతోంది. పాచికల డబ్బా మూతపెట్టి కిటికీలో పెట్టాను. లాయరుకు కరణం పాత్ర ఇచ్చాను, కుర్రాడికి గుమ్మం కాపలా భటుడి పాత్ర.

తలారి లోపలికొచ్చాడు. చంద్రి కట్లు విప్పించాడు. చల్ల తెప్పించి ముందు పెట్టాడు. తన కాలు నొప్పి గురించి చెప్పాడు, ఈ వానలకు మరీ ఎక్కువైందని. తర్వాత ఒడిలోంచి ఒక చిన్న పంచె తీసి పరిచాడు.

"ఈ జీడి గుర్తు నీదేనా?"

ఆ అమ్మాయి బల్ల మీదికి వంగి, నేను నిజంగానే పరిచిన పాత చేతిరుమాలు అంచు పట్టుకుని చూసింది. "మాదే సామీ."

"మూటలో ముప్పై ఆరు బట్టలు పోయినాయని కరణం రాసినాడు. రేవులో ముప్పై ఐదే ఎండుతున్నాయి." లాయరు తలూపాడు. "ఒక్క బట్ట గురించి నేనేం అనను. కాంచీపురం దారిలో మీవాళ్ళకు ఎదురొచ్చిన గుర్రం మనిషి ఎవరో అదొక్కటి చెప్పు. చెబితే ఇప్పుడే ఇంటికి పో. చెప్పలేదనుకో, రేపటినుంచి మీ ఇంటివాళ్ళకు ఈ రేవు లేదు. మీ నాయనకు, మీ అన్నలకు, ఎవరికీ లేదు. నేను కొట్టను. రేవు మూసేస్తా, అంతే."

గదిలో ఎవరూ ఫోను చూడలేదు. మందుల షాపు మిత్రుడు కాఫీ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

ఆ అమ్మాయి చాలాసేపు రుమాలునే చూసింది. ఆమె మొహంలో ఏదో మెరిసింది, ఆ క్షణం నేను పట్టుకున్నాను. తలారి కాంచీపురం దారి అన్నాడు. పిల్లవాడు పోయింది చంద్రగిరి వైపు. ఏ గుమ్మంలోంచి పోయారని అతను అడగలేదు, అంటే గుమ్మం కాపలావాడు ఇంకా నోరు విప్పలేదు. ఆమె ఒక్కసారి కుర్రాడి వైపు చూసింది. భటుడి పాత్రలో ఉన్న అతను కళ్ళు దించుకున్నాడు. అతని చీటీ మీద ఏముందో ఆమెకు తెలియదు.

అప్పుడు చంద్రి ఏడ్చింది. ఏడుస్తున్నానని చెప్పలేదు, గొంతు నిజంగానే పూడుకుపోయింది. "సామీ, కాంచీపురం దారిలోనే. తెల్ల గుర్రం. పేరు తెలీదు నాకు. పిల్లోణ్ణి ముందు కూచోబెట్టుకున్నాడు."

నా కాగితం మీద రాసుకున్న ప్రకారం తలారి అలాంటి జవాబు నమ్మడు, సరిచూసుకుంటాడు. నేను లేచి నిలబడి, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మంచిది. కాంచీపురానికి గుర్రాల్ని పంపిస్తా. మూడో రోజు పొద్దుకు తిరిగొస్తాయి. అంతదాకా నువ్విక్కడే ఉండు. రేవు కూడా అంతదాకా మూసే ఉంటుంది."

ఆ రాత్రి పదకొండయినా ఎవరూ ఇంటికి పోలేదు. వేలూరు కోట మ్యాపు బల్ల మీద పరిచి, ఆ మూడు రోజుల్లో లోపలికి పోయే దారి ఏదో తేల్చుకోలేక ముగ్గురూ వాదించుకుంటున్నారు. భటుడు మనవాడవుతాడా కాడా అని ఒకరు, రేవులో ఆకలితో ఉన్న చంద్రి నాయనకు ముందు బియ్యం చేర్చాలని ఇంకొకరు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని వింటోంది, బందీ కాబట్టి సలహా ఇవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ. ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. వాళ్ళ నాన్న స్కూటరు మీద వచ్చి కింద హారను కొడితే, "ఇంకో రెండు నిమిషాలు నాన్నా," అని పైనుంచి అరిచింది.